తోక వేడి

ఆకాశంలో జెట్ మోత వినబడితే లోకమంతా విమానం ముక్కు ఎటుందో చూస్తుంది. సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళం మాత్రం తోక చూస్తాం. పొగ ఏ రంగులో ఉంది, మంట కనబడుతోందా, గొట్టం వెనకాల గాలి ఎంత మేర వణుకుతోంది? రిటైరై అరకులో కూరగాయల మడి చూసుకుంటున్నా ఆ చూపు పోలేదు.

మా నాన్న కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో గ్యాంగ్‌మన్. బైలడీలా ఇనప ఖనిజాన్ని జపానుకి ఎగుమతి చెయ్యడానికి 1960లలో కొండల్ని తొలిచి వేసిన లైను అది. శృంగవరపుకోట పక్క పల్లె నుంచి పైకొచ్చిన ఆయన మళ్ళీ కిందకి దిగలేదు. నేను అరకు రైల్వే క్వార్టర్లలో పెరిగి, విశాఖలో ఐటిఐ చదివి, 1979లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో అప్రెంటిస్‌గా చేరాను. పేరుకి కోరాపుట్ డివిజన్, ఫ్యాక్టరీ ఉన్నది సునాబెడలో. అరకు నుంచి పాడువా, నందపూర్, సెమిలిగుడ మీదుగా కొండదారిన పోవాలి. మిగ్-21 మన దేశంలో తయారు చెయ్యాలనుకున్నప్పుడు విమానాన్ని మూడు చోట్లకి పంచారు. శరీరం నాసిక్‌కి, ఎలక్ట్రానిక్స్ హైదరాబాదుకి, ఇంజను మా కొండల్లోకి. ఫ్యాక్టరీని ఇక్కడికి ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్ పట్టుబట్టి తెచ్చాడని టౌన్‌షిప్‌లో ప్రతివాడూ తన కళ్ళతో చూసినట్టే చెప్తాడు. 1964లో మొదలైంది. ముందు ఆర్-11 ఇంజను, తర్వాత ఆర్-25, మిగ్-27కి ఆర్-29. నా సర్వీసులో ఎక్కువ భాగం టెస్ట్ బెడ్ దగ్గరే గడిచింది.

టెస్ట్ బెడ్ అంటే ఇంజనుని స్టాండుకి కట్టేసి, విమానం లేకుండానే దాన్ని ఎగరనిచ్చే గది. మందపాటి అద్దం ఇవతల మేము, అవతల అది. గొట్టంలో ఇంకాస్త ఇంధనం మండించే రీహీట్ వేసినప్పుడు నేల అదురు పాదాల్లోంచి పళ్ళదాకా పాకేది. టర్బైన్ వెనక ఉష్ణోగ్రత చూపించే ముల్లు మీదే మా కళ్ళు. గొట్టం చివరి రేకు ముందు నల్లగా ఉండేది, తర్వాత చింతనిప్పు రంగు తిరిగేది. దాని వెనక మంట నీలంగా మొదలై పసుపుగా సాగేది. మంట కనబడని చోట కూడా వేడిగాలి చాలా దూరం పోయేది. ఆ వేడిని కొలవడం, గీత దాటకుండా చూడడం మా ఉద్యోగం. అదే వేడిని వెతుక్కుంటూ వచ్చే వస్తువొకటి ఉందనీ, దాన్నొక మనిషి భుజాన వేసుకుని కొండెక్కగలడనీ చేరిన మూడో ఏడు దాకా నాకు తెలీదు.

చెప్పినది మా ట్రైనింగ్ స్కూలు ఇన్‌స్ట్రక్టరు. శ్రీకాకుళం మనిషి. పాఠం వదిలేసి కథలోకి పోవడం ఆయన బలహీనత. ఆ బలహీనత వల్లే మాకు చదువొచ్చింది. ఒకరోజు ఎగ్జాస్ట్ నాజిల్ పాఠం చెప్తూ బోర్డు మీద విమానం గీసి, వెనకాల నేల మీద ఒక పుల్లలాంటి మనిషిని గీశాడు. ఆ మనిషి భుజం మీద గొట్టం పెట్టాడు.

"ఈడు ముందునుంచి కొట్టగలడా?" అన్నాడు.

గురి బాగుంటే కొట్టగలడన్నాం.

"కొట్టలేడు. ఈడి కంటికి మన నాజిల్ ఒక్కటే కనబడతాది. అది కనబడాలంటే విమానం ఈడి నెత్తిమీంచి దాటిపోవాలి. అంటే బాంబు ఏసీసి పోతున్నప్పుడు!"

క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా లెక్క చెప్పాడు. అమెరికావాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టిన రెడ్‌ఐ, దాన్ని చూసి రష్యావాళ్ళు చేసిన స్ట్రెలా-2 క్షిపణి, రెండూ సైన్యంలో అడుగుపెట్టేసరికి 1960ల చివరికొచ్చేసింది. స్ట్రెలాని కొలోమ్నా డిజైన్ బ్యూరోలో షావిరిన్ మొదలుపెట్టాడు. ఆయన 1965లో చనిపోతే నెపొబెదిమీ పూర్తిచేశాడు. రాకెట్ చెయ్యడం వాళ్ళకి కష్టం కాలేదు. రెండో ప్రపంచయుద్ధం ఆఖర్లో జర్మన్లు కూడా భుజం మీంచి తొమ్మిది గొట్టాలతో విమానం మీదకి చిన్న రాకెట్లు వదిలారు. వాటికి కళ్ళు లేవు, ఎటు వదిలితే అటు పోయాయి. కష్టమంతా కన్ను దగ్గరే. తొమ్మిది కిలోల రాకెట్ ముక్కులో, అరచేతిలో ఇమిడేంత చోటులో, వేడిని పట్టుకునే కన్ను పెట్టాలి.

స్ట్రెలా కన్ను లెడ్ సల్ఫైడ్. దాన్ని చల్లబరిచే ఏర్పాటేమీ లేదు. అలాంటి కన్ను పొట్టి తరంగాలనే చూడగలదు. ఎర్రగా కాలిన లోహం ఆ తరంగాల్లో బాగా వెలుగుతుంది, ఇంజను వదిలే వేడిగాలి వెలగదు. అందుకని దానికి కనబడేది గొట్టం లోపలి రేకు మాత్రమే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ తరంగాల్లో సూర్యుడికి మించిన వెలుగు లేదు. తెల్లమబ్బు అంచు మీద ఎండ మెరిసినా క్షిపణి అటు తిరిగేది. విమానాన్ని వదిలేసి సూర్యుడి వైపు పోయిన స్ట్రెలాలు ఎన్నో.

అయినా అది దొరికినవాళ్ళకి అంతకుముందు చేతిలో ఏముంది? 1969లో సూయెజ్ కాలువ దగ్గర ఈజిప్టు సైనికులు ఇజ్రాయెల్ విమానాల మీద దాన్ని మొదటిసారి యుద్ధంలో వాడారు. 1972లో వియత్నాంలో అడుగుపెట్టింది. వార్‌హెడ్ బరువు కిలో పైచిలుకు, అంతే. తగిలింది కూడా ఎక్కువగా తోకకే. ఇజ్రాయెల్ స్కైహాక్ విమానాలు చాలా తోక చిరిగిపోయి కూడా ఇంటికి చేరాయి. అప్పుడు ఇజ్రాయెల్ మెకానిక్కులు చేసిన పని నాకు ఎప్పటికీ ముచ్చటే. స్కైహాక్ ఎగ్జాస్ట్ గొట్టాన్ని వెనక్కి పొడిగించి అతికారు. క్షిపణి వచ్చి ఆ అదనపు గొట్టం చివర పేలుతుంది, ఇంజను భద్రంగా ఉంటుంది. అంత ఖర్చుపెట్టి చేసిన ఆయుధానికి ఒక రేకు గొట్టంతో జవాబు! ఈ సంగతి చెప్పిన రోజు మా ఇన్‌స్ట్రక్టరు బెల్లు కొట్టినా క్లాసు వదల్లేదు.

ఆర్మీలోకి వెళ్ళిన మా మేనల్లుడు ఈ కథలో రెండో వైపు. మా చెల్లెలి కొడుకు. అరకులో డిగ్రీ సగంలో వదిలి, 1996లో విశాఖ భర్తీ ర్యాలీలో పరుగు నెగ్గి, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌కి ఎంపికయ్యాడు. ఆ విభాగం అప్పటికి కొత్తది. 1994లోనే ఆర్టిలరీ నుంచి వేరుపడింది. శిక్షణ గోపాలపూర్‌లో, బరంపురం పక్క సముద్రం ఒడ్డున. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది కాబట్టి మా చెల్లెలు దిగులు పడలేదు. మొదట ఎల్-70 తుపాకుల మీద నేర్చుకున్నాడు, తర్వాత భుజం మీంచి వదిలే ఇగ్లా క్షిపణి మీదకి మార్చారు. మొదటి సెలవుకి వచ్చినప్పుడు వాడి కుడి భుజం ఎముక దగ్గర చర్మం గట్టిపడి ఉంది.

"ఎంత బరువురా?"

"మొత్తం పద్దెనిమిది కిలోలు, మావయ్యా. మొయ్యడానికేటి, మోసీవచ్చు. అది భుజం మీదుండగా కదలకుండా నిలబడమంటారు సూడు, అదీ కష్టం."

వాడు రహస్యాలేమీ చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇద్దరి ఉద్యోగాలూ నోరు కట్టేసేవే. కానీ పుస్తకాల్లో ఉన్నవి, ప్రతి దేశం పెరేడ్లలో చూపించేవి మాట్లాడుకోవచ్చు కదా. గొట్టం ముందు భాగంలో గుండ్రంగా ఒక బుడ్డి వేలాడుతుంది. అందులో అధిక పీడనంతో నైట్రోజనూ, వేడితో పనిచేసే బ్యాటరీ ఉంటాయి. బుడ్డి తెరిస్తే కరెంటూ చలీ రెండూ ఒకేసారి వస్తాయి. ముప్పై సెకన్లు. ఆలోగా వదల్లేదా, బుడ్డి వృథా. కన్ను వేడిని పట్టుకుందంటే చెవిలో కూత పెడుతుంది. నొక్కితే ముందొక చిన్న మందు క్షిపణిని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. అది కొన్ని మీటర్లు ముందుకి పోయాకే పెద్ద మోటారు అంటుకుంటుంది. లేకపోతే మనిషి మొహం కాలిపోతుంది. గోపాలపూర్‌లో వాడు మొదటి నిజమైన క్షిపణి వదిలింది సముద్రం మీద ఎగిరే చిన్న టార్గెట్ విమానం మీద. తగిలిందా అంటే, తగిలిందన్నారు గానీ తనకి చూసే తీరిక లేదన్నాడు. కెరటాల మోతలో ఆ కూత వినడానికి చెవులు రిక్కించడమే వాడికి గుర్తుంది.

నన్ను ఆకట్టుకున్నది నైట్రోజన్ బుడ్డి. ఇన్‌స్ట్రక్టరు చెప్పిన కథకి అది రెండో అధ్యాయం. కన్ను తన ఒంట్లోని వేడితో తానే గుడ్డిదవుతుంది. పట్టపగలు ఎండలో నిలబడి దూరపు గుడిసెలో దీపం వెతికినట్టు ఉంటుంది దాని పని. ఇండియం ఆంటిమొనైడ్ అనే పదార్థాన్ని సున్నాకి రెండువందల డిగ్రీల కింద దాకా చల్లబరిస్తే పొడుగు తరంగాలు కనబడతాయి. ఆ తరంగాల్లో వెలిగేది మరేదో కాదు, ఇంజను వదిలిన వేడి కార్బన్ డయాక్సైడ్. అంటే నా టెస్ట్ బెడ్ గదిలో మంట ఆగిపోయిన తర్వాత కూడా కంటికి కనబడకుండా సాగిపోయే ఆ గాలి. అది కనబడితే ఇక తోకదాకా ఆగక్కర్లేదు, ఎదురొచ్చే విమానాన్ని ముందునుంచే పట్టుకోవచ్చు. అమెరికా స్టింగర్ 1981లో, సోవియట్ ఇగ్లా 1983లో ఈ చల్లని కన్నుతోనే సైన్యంలోకి వచ్చాయి. బ్రిటిష్ వాళ్ళు మాత్రం బ్లోపైప్ అని మరో దారి పట్టారు. అది వేడిని చూడదు. వదిలిన మనిషే చిన్న కర్రతో దాన్ని విమానం మీదకి తోలుకుంటూ పోవాలి. ఫాక్‌లాండ్స్‌ యుద్ధంలో అది ఏమంత పని చెయ్యలేదు. మీద బాంబులు పడుతుంటే బొటనవేలితో క్షిపణిని నడపగలిగే ధీరులు ఏ సైన్యంలోనూ కోకొల్లలుగా ఉండరు. అదే యుద్ధంలో 1982 మే 21న స్టింగర్ ఒక అర్జెంటీనా పుకారా విమానాన్ని కూల్చింది.

స్టింగర్ పేరు మా టౌన్‌షిప్‌లో ఇంటింటికీ తెలిసింది 1986 ఆఖర్లో. ఆ సెప్టెంబరులో జలాలాబాద్ దగ్గర అఫ్ఘాన్ ముజాహిదీన్లు మూడు సోవియట్ హెలికాప్టర్లను కూల్చారు. సునాబెడలో అప్పుడు రష్యన్ నిపుణులు కుటుంబాలతో ఉండేవాళ్ళు. వాళ్ళ పిల్లలు మా పిల్లలతో ఆడుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు మార్కెట్లో వంకాయలకి మనకన్నా గట్టిగా బేరమాడేవాళ్ళు. వాళ్ళతో ఆ వార్త గురించి ఎవరం మాట్లాడలేదు. మాట్లాడకపోయినా షాపులోకి వచ్చే సంగతులు వచ్చాయి. హెలికాప్టరు ఎగ్జాస్ట్ మీద పెద్ద పెట్టె బిగించి, చల్లగాలి కలిపి వేడిని పలచన చేస్తున్నారనీ, తోకమీద వెలిగి ఆరే దీపంతో క్షిపణి కన్నుని తికమక పెడుతున్నారనీ, మండే ఫ్లేర్లు వదులుతున్నారనీ. అన్నీ వేడితో ఆడే ఆటలే. మాకు చెయ్యి పడే ఆటలు.

ఆ క్షిపణే సోవియట్లని అఫ్ఘానిస్తాన్ నుంచి తరిమేసిందని ఇప్పటికీ రాస్తుంటారు. నేనది ఒప్పుకోను. వెళ్ళిపోవాలన్న ఆలోచన మాస్కోలో అంతకుముందే పుట్టింది. స్టింగర్ కూల్చిన వాటికంటే కూల్చని వాటితో చేసిన పని పెద్దది. అన్నిటినీ పైకి తోలేసింది. పైకి పోయిన విమానం భద్రంగా ఉంటుంది గానీ దాని బాంబు గురి తప్పుతుంది. పైకి పోయిన హెలికాప్టరు కింద సైనికుణ్ణి ఎక్కించుకోలేదు. వియత్నాంలో స్ట్రెలా కూడా ఇంతే, నెమ్మదిగా తిరిగి లక్ష్యాలు చూపించే చిన్న విమానాల్ని పైకి నెట్టేసింది. ఈ ఆయుధం అసలు పని అదని నా లెక్క. మైదానంలోనైతే ఆ లెక్క సరిపోతుంది. కొండల్లో సరిపోదు, ఎందుకంటే గొట్టం పట్టినవాడు ముందే పైనున్నాడు.

ఆ సంగతి 1999 కార్గిల్ యుద్ధంలో తెలిసింది. మే 21న ఫొటోలు తీయడానికి పోయిన మన కాన్‌బెర్రా విమానానికి క్షిపణి తగిలి, ఒక ఇంజను పోయినా శ్రీనగర్‌లో దిగింది. మే 26న కార్గిల్‌లో వైమానిక దాడులు మొదలయ్యాయి. మర్నాడు సాయంత్రం క్యాంటీన్ టీవీ దగ్గర నిలబడ్డ వాళ్ళెవరూ కూర్చోలేదు. ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడిపిన మిగ్-27 ఇంజను ఆరిపోయింది. రాకెట్లు వదిలినప్పుడు వాటి పొగ ఇంజను నోట్లోకి పోతే, అంత ఎత్తున పలచగాలిలో, మంట నిలబడదు. అది తెలిసిన వాళ్ళమే అందరం. అయినా ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. ఆయన్ని వెతుకుతూ చుట్టూ తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21ని క్షిపణి కొట్టింది. నచికేత బందీగా చిక్కి జూన్ 3న విడుదలయ్యాడు. ఆహూజా తిరిగి రాలేదు.

మే 28న ఎంఐ-17. టోలోలింగ్ శిఖరం వైపు దాడికి పోయిన నాలుగు హెలికాప్టర్లలో ఒకదానికి ఫ్లేర్లు లేవు. కూలినది అదే. నలుగురు పోయారు. స్క్వాడ్రన్ లీడర్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ ప్రసాద్, సార్జెంట్ సాహు. పేపర్లో నాలుగు పేర్లూ చదివిన మా షాపు ఒరియా ఫోర్‌మన్ చివరి రెండు పేర్ల మీద వేలు పెట్టి, "మీవాడొకడు, మావాడొకడు" అన్నాడు. వాళ్ళ ఊళ్ళు మాకు తెలీవు. పేర్ల పోలికే చుట్టరికమైపోయింది ఆ రోజుల్లో. క్షిపణి స్టింగర్ అని కొందరు, చైనా నమూనా మీద పాకిస్తాన్ చేసుకున్న అంజా అని కొందరు. తగిలినవాళ్ళకి తేడా ఏముంది?

ఆ మర్నాటినుంచి హెలికాప్టర్ల దాడులు ఆపేశారు. జెట్‌లు క్షిపణి అందని ఎత్తుకి పోయాయి. శిఖరమే పదహారు, పదిహేడు వేల అడుగులుంటే అందని ఎత్తు ఎంతో మీరే చూసుకోండి. అంత పైనుంచి గురి కుదిరింది మిరాజ్-2000లకి లేజర్ బాంబులు బిగించాకే. ఆ నెలంతా మా షాపుకి మూడు షిఫ్టులు. టెస్ట్ బెడ్ మోత రాత్రి కూడా ఆగలేదు. నిద్ర చెడిందని ఆ ఒక్క నెల టౌన్‌షిప్‌లో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మేనల్లుడు ఆ ఏడు జమ్మూ వైపున్నాడు. 2001 చలికాలంలో సెలవు మీద వస్తే, అనంతగిరి నుంచి అరకు తిరిగొస్తూ గాలికొండ వ్యూపాయింట్ దగ్గర టీకి ఆగాం. వలిసె పూలు అయిపోవచ్చాయి, లోయలో అక్కడక్కడా పసుపు మరకలు మిగిలాయి. అప్పుడు కిందనుంచి చప్పుడు. విశాఖ నేవీ వాళ్ళ చేతక్ హెలికాప్టరొకటి లోయ వెంట పోతోంది. మేము పైన, అది కింద. దాని రెక్కల చక్రాన్ని పైనుంచి చూస్తున్నాం. జనం చేతులూపారు. మా వాడు టీ గ్లాసు గోడమీద పెట్టి, రెండు కాళ్ళూ ఎడం చేసి, కుడి భుజం కొంచెం ముందుకి తెచ్చాడు. వాడికి తెలియకుండానే చేశాడు. చప్పుడు మలుపు తిరిగాక మామూలయ్యాడు.

"దొరికిందేటి?" అన్నాను.

"ఇలాగ దొరక్కూడదు, మావయ్యా. ఎనకాల ఆకాశముంటే దానికి బాగుంటాది. ఇక్కడ ఎనకాలంతా ఎండకి కాలిన రాయి. కానీ కార్గిల్‌లో ఎనకాల మంచు."

అప్పుడు అర్థమైంది, వాడు రెండేళ్ళుగా అక్కడ కూలిన ఆ హెలికాప్టరు గురించే ఆలోచిస్తున్నాడని. గొట్టం పట్టుకున్నవాడి వైపునుంచి. నేను ఆలోచించింది తోక వైపునుంచి. ఫ్లేర్లుంటే బతికేవాళ్ళా అని అడిగాను. ఇగ్లా లాంటిదైతే చెప్పలేమన్నాడు. దాని ముక్కులో కళ్ళు రెండు. చల్లనిదొకటి, చల్లబరచనిది ఒకటి. ఫ్లేరు ఇంజనుకన్నా చాలా ఎక్కువ వేడిమీద మండుతుంది కాబట్టి పొట్టి తరంగాల్లో మరీ మెరిసిపోతుంది. రెండు కళ్ళ లెక్కా పోల్చి చూసుకుని క్షిపణి దాన్ని వదిలేస్తుంది. స్టింగర్లో తర్వాతి రకాలు అతినీలలోహిత కిరణాల్ని చూసే రెండో కన్ను పెట్టుకున్నాయి. అంతేకాదు, విమానం దగ్గరికొచ్చాక ఇగ్లా గురిని గొట్టం మీంచి కొంచెం ముందుకి, శరీరం మీదకి జరుపుకుంటుంది. స్కైహాక్ గొట్టం పొడిగించిన ఆ మెకానిక్కుల తెలివి అక్కడితో సరి.

ఆ మాట విన్నాక నాకు టీ రుచించలేదు. తోక మాది, బాధ్యత మాది అనుకుని పని చేశాం ఇన్నాళ్ళూ.

మరుసటి ఏడు నవంబరు 28న కెన్యాలో మొంబాసా నుంచి లేచిన ఇజ్రాయెల్ ప్రయాణికుల విమానం మీదకి రెండు స్ట్రెలాలు వదిలారు. రెండూ తప్పాయి. పాత కన్ను మరి. ఆ తర్వాతి నవంబరులో బాగ్దాద్‌లో డీహెచ్ఎల్ కార్గో విమానం రెక్కకి తగిలింది. హైడ్రాలిక్స్ అన్నీ పోతే పైలట్లు రెండు ఇంజన్ల శక్తిని ఎక్కువ తక్కువ చేస్తూ, దాంతోనే మలుపు తిప్పి, దాంతోనే దింపారు. ఆ ల్యాండింగ్ గురించి మా షాపులో వారం రోజులు మాట్లాడుకున్నాం. ఇంజను మనిషికి అంతకంటే గొప్ప కథ ఉండదు. గొట్టాలు ఎవరెవరి చేతుల్లోకి పోయాయోనని ఆ రెండు నవంబర్లతో లోకానికి భయం పట్టింది. అఫ్ఘాన్లకి ఉదారంగా పంచిన స్టింగర్లని అమెరికా తర్వాత డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవడానికి తిరిగింది కదా, అప్పుడే పట్టాల్సింది.

మా కొండల్లోనూ మావోయిస్టుల తుపాకుల కాలం నడిచింది. ఆ వివరాలకి ఇది చోటు కాదు. ఇటువైపు ఎవరి దగ్గరా ఇలాంటి క్షిపణి లేదు. అయినా 2013 జనవరిలో ఛత్తీస్‌గఢ్ సుక్మా అడవిలో వైమానికదళం హెలికాప్టరుని మామూలు తుపాకులే దించేశాయి. కొండ పక్కనుంచి పోయే హెలికాప్టరుకి తుపాకీ కూడా దగ్గరే.

మేనల్లుడు రిటైరై వచ్చి కాఫీ, మిరియం వేశాడు. ఇప్పుడు మా లోయలో ఆకాశమంటే డ్రోన్లే. వలిసె పూలు పూసే రోజుల్లో పెళ్ళి ఫొటోలవాళ్ళు పొలానికొకటి ఎగరేస్తారు. ఒకడు మా వాడి కాఫీ తోట మీద ఎగరేస్తుంటే వీడు గొడవకి పోయాడనుకుని వెనకాలే పరిగెత్తాను. గొడవ కాదు. డ్రోను దిగగానే దాని నాలుగు మోటార్లనీ వేళ్ళతో తడిమి చూస్తున్నాడు.

"గోరువెచ్చగా కూడా లేదు, మావయ్యా. దీన్ని ఏ కన్ను పడతాది?"

ఫొటోల కుర్రాడు తన డ్రోన్ చెడిపోయిందేమోనని కంగారు పడ్డాడు.

2025 మే నెలలో పాకిస్తాన్ వదిలిన డ్రోన్ల గుంపుల్ని మన సైన్యం కూల్చిందని వార్తలొచ్చినప్పుడు వాడు పొంగిపోయాడు. పొంగింది క్షిపణికి కాదు. ఎల్-70 పేరు వచ్చినందుకు. తాను గోపాలపూర్‌లో మొదట నేర్చుకున్న ఆ ముసలి తుపాకీ, వాడి తండ్రి వయసుది, టీవీలో వీరుడైపోయింది. "రాడారూ కెమెరా కొత్తవి తగిలించారు గానీ గుండు పాతదే" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. తుపాకీతోనే సరిపోతుందంటాడు వాడు. నేను ఒప్పుకోను. వేడి తగ్గేకొద్దీ కన్ను మారుతుంది. వేడి చుక్కని కాకుండా ఆకారాన్ని చూసే కళ్ళు జపానువాళ్ళు 1991లోనే భుజం మీద క్షిపణికి పెట్టారు.

నా వాదనకి సాక్ష్యంగా హైదరాబాదు రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వాళ్ళు చేసిన కొత్త క్షిపణి సంగతి ఎత్తాను. విషోరాడ్స్ అంటారు. 2022 సెప్టెంబరులో చాందీపూర్‌లో మొదటి పరీక్షలు. 2024 అక్టోబరులో పోఖ్రాన్‌లో మూడు. 2025 ఫిబ్రవరి 1న మళ్ళీ చాందీపూర్‌లో మూడు, అవి బాగా కిందుగా ఎగిరే, వేడి తగ్గించిన టార్గెట్ల మీద. మూడూ తగిలాయి. చిన్న చిన్న జెట్లతో గాలిలోనే ఒళ్ళు తిప్పుకునే ఏర్పాటుంది, మోటారు రెండు అంచెల్లో తోస్తుంది. ఇవన్నీ చదివి వినిపించి, చూశావా అన్నాను.

వాడు ఫోను లాక్కుని ఫొటో పెద్దది చేసి చూశాడు. కన్ను గురించి అడగలేదు, దూరం గురించి అడగలేదు.

"స్టాండు మీద పెట్టారు, మావయ్యా. భుజం మీద కాదు."

"అయితే ఏటి?"

"కొండెక్కించాలంటే ఇద్దరు కావాలి" అని, ఫోను నా చేతిలో పెట్టి, కాఫీ గింజలు ఎండిన టార్పాలిన్ చివర పట్టుకోమన్నాడు.